దామెష్ ఇంటి అలబుగాలు

సేయిల్‌బెక్ అన్న ఇంట్లో అడుగు పెట్టగానే ముందు కాలికి తగిలేది పాల క్యాను. దాన్లో పాలుండవు, నీళ్ళుంటాయి. మా భవనంలో కొత్తగా దిగినవాళ్ళెవరైనా ఆయన ఇంటికి వెళ్ళి కుంటుకుంటూ మెట్లు దిగి వస్తే, "అయితే చేపలను చూసొచ్చావన్నమాట" అనేవాళ్ళం.

కుళాయి నీళ్ళలో కలిపిన క్లోరిన్ మందు వాసన పోయేదాకా ఆ క్యాన్లను మూత తీసి రోజుల తరబడి అలా నిలబెట్టేవాడాయన. కిటికీలోంచి చూస్తే బల్ఖాష్ సరస్సు కనిపిస్తుంది. కానీ రేవు దగ్గర నీళ్ళ మీద పడవల నూనె తేలుతుందని, ఆ నీళ్ళు తన చేపలకు పడవని అనేవాడు. నిలవబెట్టి వాసన పోగొట్టిన ఈ నీళ్ళే చేపల తొట్టిలోకి పోసేవాడు.

తొట్టి కూడా ఆయన చేతిపనే. చేపల ఫ్యాక్టరీలో పడవల మీద పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి షెడ్డులో పడున్న ఇనుప పట్టీలకు కిటికీ అద్దాలు బిగించి, మూలల్లో లప్పం కూరి, కిటికీ వెడల్పున తయారు చేశాడు. అందులో రంగురంగుల చేపల కోసం చూస్తే నిరాశే. అడుగున రాళ్ళు, ఒక రెల్లు మోడు, పచ్చగా మసకగా నీళ్ళు. చాలాసేపు చూస్తే రాయి పక్కన ఇంకో రాయిలాంటిది రెక్క ఆడిస్తుంది. అదే అలబుగా. జానెడు చేప, వీపు మీద ముళ్ళ రెక్క, ఒంటికి మించిన నోరు. ఆకలేసేదాకా కదలదు. ఆకలేసినప్పుడు కదిలినట్టు కనబడదు, ముందున్న చిన్న చేప మాత్రం కనబడకుండా పోతుంది.

ఆ చేపలు నిజానికి దామెష్ వదినవి. సేయిల్‌బెక్ అన్న భార్య. సరస్సుకు దక్షిణాన, ఇలీ నది పాయలు పాయలుగా చీలి రెల్లు అడవిలో కలిసిపోయే చోట కుయ్‌గన్ అని ఒక జాలరి ఊరుంది. ఆమె పుట్టిల్లు అక్కడే. చిన్నప్పుడు ఆ ఊళ్ళో చేప అంటే అలబుగాయే. సరస్సంతా అవే. తర్వాత ప్రభుత్వంవాళ్ళు బయటి నదుల నుంచి కొక్సెర్కే అనే పెద్ద వేటచేపను తెచ్చి సరస్సులో వదిలారు. అది పెరిగి, అలబుగాను పిల్లతో సహా ఊడ్చేసింది. ఆ కొక్సెర్కే పిల్లలను క్యాన్లలో మోసుకొచ్చి నీళ్ళలో వంచిన కుర్రాళ్ళలో సేయిల్‌బెక్ అన్న ఒకడు. పెళ్ళయ్యాక ఈ సంగతి పొరపాటున భార్య దగ్గర నోరు జారాడు. ఆవిడ చివరిదాకా వదలలేదు.

"మా పుట్టింటివాళ్ళను కొక్సెర్కేకు తినిపించేశాడమ్మా ఈయన" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, టీ పోస్తూ.

"నన్ను పొయ్యమన్నారు, పోశాను. పద్దెనిమిదేళ్ళవాణ్ణి. వాటి మొహాలు చూసి పోశానా?"

"నా మొహం చూసి చేసుకున్నావు కదా. అదే తెలివి అప్పుడూ ఉంటే బాగుండేది."

కొక్సెర్కే చేరలేని తెగిపోయిన మడుగులు కొన్ని రెల్లు అడవిలో మిగిలాయట. దామెష్ వదిన తమ్ముడు తొలెగెన్ ఒక వేసవిలో అలాంటి మడుగులో వల వేసి, నాలుగైదు అలబుగాలను పాల క్యానులో పెట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అక్కకు వండుకోమని తెచ్చాడు. ఆవిడ మూత తీసి లోపలికి చూసి, క్యానును రెండు చేతులా కౌగిలించుకుని నేల మీద కూర్చుండిపోయింది. "వండటమా? నా చెల్లెలు ఇంటికొస్తే వండుతానా?" అంది. ఆ వారమే సేయిల్‌బెక్ అన్న షెడ్డుకు వెళ్ళి ఇనుప పట్టీలు ఏరుకొచ్చాడు.

ఇద్దరికీ చేపలను పట్టడం తెలుసు, ఎండబెట్టడం తెలుసు, పొగ పట్టించడం తెలుసు. బతికించడం తెలియదు. మొదటి నెలలోనే పెద్దది చిన్నవాటిని మింగింది. తోక నోట్లోంచి బయటికి వేలాడుతుండగా ఏమీ ఎరగనట్టు రాయి పక్కన నిలబడింది. "ఆకలేస్తే అడగొచ్చుగా, సిగ్గులేనిదానా" అని వదిన అద్దం మీద వేలితో కొట్టింది. మిగిలినవి ఆ పెద్దదీ, దానికి దొరక్కుండా తప్పుకుని తిరగడం నేర్చుకున్న రెండు మగవీ. పెద్దదానికి బైబిషే అని పేరు పెట్టారు. మా వైపు ఇంటి పెద్ద భార్యను అలా అంటారు.

చచ్చిన తిండిని అవి ముట్టేవి కావు. వదిన అల్లిక సూదికి సన్నటి మాంసం ముక్క గుచ్చి నీళ్ళలో ఆడించేది. చేప ఎలా కొట్టుకుంటుందో అలా, ఆగి ఆగి.

"ఇటు చూడు దొంగా. ఇది బతికే ఉంది. చూడు, ఎలా పారిపోతోందో."

"మాంసం ముక్కకు ప్రాణం పోస్తోంది మా ఇంటిది" అనేవాడాయన నాతో. "నాకు మాత్రం చల్లారిన నూడుల్సు."

"నువ్వు కదలకపోయినా తింటావు. అవి మర్యాదస్తులు."

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక్కటే లోటు, బైబిషే గుడ్లు పెట్టలేదు. ఒక చలికాలం మొదట్లో వదినే కారణం పట్టుకుంది. "మా మడుగులో మంచు కట్టేది కదా. మంచు పగిలాకే గుడ్లు. ఈ మహానుభావుడు దాన్ని రేడియేటర్ పక్కన పడుకోబెట్టి గుడ్డు పెట్టవే అంటున్నాడు. కోడి అనుకున్నాడు." ఆ రోజే నన్ను, ఇంకో ఇద్దరిని పిలిచి తొట్టిని అద్దాల బాల్కనీలోకి మార్పించారు. చుట్టూ పాత ఉన్ని తివాచీ కప్పి, పూర్తిగా గడ్డకట్టకుండా గది తలుపు బెత్తెడు తెరిచి ఉంచారు. పొద్దున్నే నీళ్ళ మీద పలచటి మంచు రేకు కట్టేది. ఆయన వేలితో ఒక మూల దాన్ని పగలగొట్టేవాడు.

అలబుగా గుడ్లు విడివిడిగా ఉండవు. లేసు పట్టీలా పొడుగ్గా, తెల్లగా, మడతలు మడతలుగా వచ్చి రెల్లు మోడుకు చుట్టుకుంటాయి. చిన్నప్పుడు దామెష్ వదిన ఒకసారి ఆ పట్టీని మోడు మీంచి తీసి, పెళ్ళికూతురి ముసుగులా నెత్తిన వేసుకుని ఊరంతా తిరిగిందట. వాళ్ళమ్మ తడి తాడుతో వీపు వాయగొట్టిందట. "అంత అందమైన ముసుగు నా పెళ్ళికి కూడా లేదు" అనేది. "ఒక్కసారి మళ్ళీ చూడాలి. తర్వాత చేపపిల్లలను తీసుకెళ్ళి మా మడుగులో వదిలేసి రావాలి."

"చూపిస్తాను. వదులుతాను కూడా" అన్నాడాయన. "ఒకసారి క్యానుతో పాపం పోశాను. ఇంకోసారి క్యానుతోనే తీర్చుకుంటాను."

ఆ చలికాలంలోనే వదినకు జబ్బు చేసింది. ఊపిరి అందేది కాదు. వెచ్చగా ఉండాలన్నారు డాక్టర్లు. ఆవిడ మంచం బాల్కనీ పక్కకు జరిపించుకుంది. తలుపు మూస్తానంటే ఒప్పుకోలేదు. "నాకు గొర్రెతోలు కోటుంది. బైబిషేకు నా చలి కావాలి." ఆయన కోటు కప్పేవాడు, దాని మీద దుప్పటి కప్పేవాడు, ఆవిడ నిద్రపోగానే తలుపు ఇంకొంచెం మూసేవాడు. మెలకువ రాగానే ఆవిడ కాలితో తోసి తెరిచేది.

మార్చి వచ్చేసరికి బైబిషే పొట్ట రెండు వైపులా ఉబ్బింది. మగవి రెండూ దాని వెనక వెనకే తిరుగుతున్నాయి. వదిన పక్క మీద పడుకునే చూసి, "సిగ్గుపడుతోంది, అటు తిరగండి" అని మమ్మల్ని అటు తిప్పేది. ఆవిడ మాత్రం రోజురోజుకూ సన్నబడిపోయింది.

అప్పుడే ఒకరోజు నేను మందులిచ్చి వెళ్దామని వస్తే, ఆవిడ నన్ను చూపిస్తూ సేయిల్‌బెక్ అన్నతో మెల్లగా అంది.

"ఈ తొట్టిని తమ్ముడింట్లో పెట్టించు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నేను పోయిన రోజు రిస్తీ అక్క వస్తుంది కదా. ఇంట్లో నీళ్ళన్నీ పారబోయిస్తుంది. నేనూ ఆవిడా కలిసి ఎన్నిళ్ళలో పారబోయలేదు?"

మా దగ్గర అది పాత పద్ధతి. ప్రాణం తీసుకెళ్ళడానికి వచ్చినవాడు తన కత్తిని ఆ ఇంట్లో ఉన్న నీళ్ళలో కడుక్కుని వెళ్తాడంటారు. ఏ గిన్నెలో కడిగాడో తెలియదు కనక బిందె, కెటిల్, పూలకుండీ కింది పళ్ళెం, దేన్నీ మిగల్చరు. పై అంతస్తులో ఉండే రిస్తీ అక్క, దామెష్ వదిన, ఇద్దరే మా భవనంలో ఏ చావుకైనా ముందు వచ్చి ఆ పని చూసేవాళ్ళు.

సేయిల్‌బెక్ అన్న మొహం నల్లబడింది. "నువ్విక్కడ కూర్చుని సూదితో మాంసం ఆడించాల్సినదానివి. తొట్టి ఎక్కడికీ వెళ్ళదు."

"ముసలోడా, విను. పోట్లాడే ఓపిక నాకు లేదు."

"నాకుంది. విను నువ్వే. అది గడప దాటితే ఏంటర్థం? నేను నిన్ను సాగనంపడానికి సామాన్లు సర్దుతున్నట్టు కాదూ?"

నేను కల్పించుకుని, "కొన్ని రోజులు మా ఇంట్లో ఉంచుదాం అన్నా, బాల్కనీ ఖాళీగానే ఉంది" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, అంతకు ముందూ ఆ తర్వాతా నేనెప్పుడూ వినని గొంతుతో, "నువ్వూ ఆమెను అప్పుడే పూడ్చిపెడుతున్నావా తమ్ముడూ?" అన్నాడు. ఇంక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. వదిన మొహం గోడవైపు తిప్పుకుంది. కొంతసేపటికి చెయ్యి మాత్రం వెనక్కి చాచి ఆయన మోకాలు మీద పెట్టింది.

మార్చి చివర్లో వచ్చే నౌరుజ్ పండగ దాటిన కొన్నాళ్ళకు, ఒక ఉదయం, సూర్యుడు బాల్కనీ అద్దాల మీదికి వచ్చే వేళకు ఆవిడ పోయింది.

మాలో చావింట మగవాళ్ళు వాకిట్లో నిలబడాలి. ఇంటాయన కర్ర మీద వాలి ఏడుస్తూ, వచ్చిన ప్రతి మగమనిషినీ ఛాతీకి హత్తుకుంటాడు. లోపల ఆడవాళ్ళు. ఇంటాయన అక్కణ్ణుంచి కదలకూడదు. సేయిల్‌బెక్ అన్న మెట్ల మీద తన గుమ్మం ముందు నిలబడ్డాడు. వచ్చినవాళ్ళ కోట్లు అందుకోవడానికి నేను పక్కన ఉన్నాను.

మా మెట్ల గోడను ఆనుకునే అన్ని అంతస్తుల నీళ్ళ గొట్టం దిగుతుంది. లోపల ఎవరో బకెట్ వంచారు. నీళ్ళు గొట్టంలో గడగడలాడుతూ కిందికి పోయాయి. తర్వాత ఇంకో బకెట్. తర్వాత ఇంకొకటి. ఆగలేదు. బిందెలూ కెటిళ్ళూ ఎప్పుడో అయిపోయి ఉండాలి. ఆ నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి.

సేయిల్‌బెక్ అన్న ఏడుపు ఆగింది. "తమ్ముడూ, క్యాన్లు..." అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

"ఏంటన్నా?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడే కింది నుంచి చేపల ఫ్యాక్టరీ పాత స్నేహితులు గట్టిగా ఏడుస్తూ మెట్లెక్కి వచ్చారు. ఆయన గుమ్మం వైపు ఒక్కసారి చూశాడు. భార్య శవం లోపల ఉండగా, మగవాడు ఆడవాళ్ళను తోసుకుని వెళ్ళి చేపల సంగతి అడగడమా.

"ఏం లేదు. ఆయన కోటు అందుకో" అన్నాడు. చేతులు చాచి మొదటి స్నేహితుణ్ణి హత్తుకున్నాడు. గొట్టంలో నీళ్ళు ఇంకా పోతున్నాయి. "ఏడువు సేయిల్‌బెక్, లోపల ఉంచుకోకు" అన్నాడు ఆ స్నేహితుడు. ఆయన ఏడ్చాడు.

లోపల జరిగింది తర్వాత రిస్తీ అక్కే చెప్పింది నాకు. తొట్టి దగ్గరికి వచ్చేసరికి సాయానికొచ్చిన మా భవనం కోడళ్ళు సందేహించారట. ఈవిడే, "నీళ్ళు ఉంచకూడదు. చేపలు ప్రాణమున్నవి, వాటిని పారబోయకండి. దామెష్ పెంచుకున్నవి. పిండి కలిపే పెద్ద బేసిన్‌లో కొత్త నీళ్ళు పట్టి వెయ్యండి" అందట. రోజూ పొద్దున్నే తనే స్వయంగా ఆ నీళ్ళు మార్చిందట, చల్లగా, శుభ్రంగా, నేరుగా కుళాయి కింద పెట్టి. వసంతంలో మంచు కరిగిన నీళ్ళు కలుస్తాయని కుళాయి నీళ్ళలో క్లోరిన్ మందు ఎక్కువ కలిపే రోజులవి. నిలవ నీళ్ళ క్యాన్లు మాత్రం అన్నీ బోర్లించి, కడిగి, వరసగా బాల్కనీలో పెట్టి ఉన్నాయి.

మూడో రోజు శ్మశానం నుంచి తిరిగొచ్చాక అన్న నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. వెనకే నేను వెళ్ళాను. బేసిన్ మీద పళ్ళెం మూసి ఉంది. తీశాడు. మగవి రెండూ లేవు. మొదటి రోజే తేలిపోతే కోడళ్ళు తీసేశారట. బైబిషే ఒక పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు చాలాసేపటికొకసారి తెరుచుకుంటున్నాయి. దాని చుట్టూ, పిండి బేసిన్ అంచు పొడవునా, మడతలు మడతలుగా తెల్లటి లేసు పట్టీ పరుచుకుని ఉంది.

ఆయన వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా చూశాడు. "ఇంత పొడుగుంటుందని చెప్పలేదు నాకు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

మగచేప లేకుండా పెట్టిన గుడ్లు. ఏమవుతాయో ఇద్దరికీ తెలుసు. అయినా మా ఇంట్లో ఒక డబ్బాలో ఉన్న నిలవ నీళ్ళు తెమ్మన్నాడు. సీసాలో ఆ పట్టీని జారవిడిచి కిటికీలో పెట్టాడు. బైబిషే ఆ సాయంత్రమే పోయింది. గుడ్లు మొదట అద్దంలా ఉన్నాయి, తర్వాత పాలలా తెల్లబడ్డాయి, తర్వాత వాటి మీద దూదిలాంటి బూజు మొలిచింది. ఆయన రోజూ నీళ్ళు మార్చాడు.

శుక్రవారం రిస్తీ అక్క నూనెలో వేయించిన రొట్టెలు పోయినవాళ్ళ పేర తెచ్చింది. ఖాళీ తొట్టిని చూసింది.

"చేపలేవి తమ్ముడూ?"

"ముసలివైపోయాయి అక్కా. పోయాయి."

"అయ్యో. నేను మంచి నీళ్ళే పోశాను కదా. పొద్దున్నే, నా చేత్తో. దామెష్ చూస్తుంటే తృప్తి పడేదనుకుని."

ఆయన రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. "పోశావక్కా. మంచి నీళ్ళే" అన్నాడు. ఆవిడకు టీ కూడా తనే పోసి ఇచ్చాడు.

నలభయ్యో రోజు భోజనాలయ్యాక, నా పాత కారు తియ్యమన్నాడు. సీసాలోంచి పట్టీని పాల క్యానులోకి మార్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సరస్సు చుట్టూ తిరిగి, దారిలో ఒక రాత్రి ఆగి, కుయ్‌గన్ చేరాం. తొలెగెన్ రెల్లు మధ్యలో పడవ నడిపించి ఆ మడుగు దగ్గరికి తీసుకెళ్ళాడు. నీళ్ళు ఎండలో పచ్చగా ఉన్నాయి. పాత రెల్లు మోళ్ళ పక్కన కొత్త పిలకలు లేచాయి.

క్యాను మూత తీయగానే తొలెగెన్ లోపలికి చూసి ముక్కు ముడుచుకున్నాడు.

"బావా, ఇవి చచ్చినవి."

"తెలుసురా."

"మరి ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చావు?"

"మీ అక్క ముసుగు. అక్కడెక్కడో పారేస్తే నన్ను ఊరుకుంటుందా?"

అన్న బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. పట్టీ చేతిలో తెగిపోతోంది. మిగిలిన ముక్కను ఒక మోడుకు చుట్టాడు. అది ఒక క్షణం నిలబడి, విడిపోయి, ముక్కలు ముక్కలుగా కిందికి జారింది. వాటి కోసం నీడలోంచి ఏదో వచ్చింది. చిన్నది, వేలెడు ఉంటుంది. ముక్క దగ్గర ఆగింది. ముక్క కదలడం లేదు. అది ముట్టుకోకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

"మర్యాదస్తులు" అన్నాడు సేయిల్‌బెక్ అన్న. మొహం మీద నీళ్ళు చల్లుకున్నాడు.

అలబుగాను పట్టి ఇస్తానన్నాడు తొలెగెన్, కావాలంటే ఈ పూటే. ఆయన వద్దన్నాడు. క్యానును ఆ మడుగులో కడిగి, నిండా నీళ్ళు ముంచి, మూత బిగించి కార్లో పెట్టుకున్నాడు. దారంతా అది ఆయన కాళ్ళ మధ్య చప్పుడు చేస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ ఇంటికి వెళ్తే కాలికి తగలడానికి ఒక్క క్యానే ఉంది. మంచం పక్కన ఉంటుంది, బాల్కనీ వైపు. మొన్న రిస్తీ అక్కకు తగిలింది. బొటనవేలు పట్టుకుని మంచం మీద కూర్చుని అడిగింది.

"చేపలే లేవు కదా తమ్ముడూ, ఈ నీళ్ళెందుకు ఇంకా?"

"నేను పోయిన రోజు పారబోయడానికి నీకూ ఏదో ఒకటి ఉండాలి కదక్కా."

"నోరు ముయ్యి" అని ఆవిడ ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆవిడ తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, టీ పెడతానని లేచి, ఆ క్యానును జాగ్రత్తగా దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది.